పాపాయికి మోడలింగ్ పిలుపు వస్తే: జార్జ్ టౌన్ తెలుగు తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాల్సినవి

జార్జ్ టౌన్‌లో అందరికంటే ఎక్కువ మంది ఫోటో తీసుకునే పిల్లలు ఎవరంటే, లెబుహ్ అర్మేనియన్ వీధిలో గోడ మీద సైకిల్ తొక్కుతున్న ఆ ఇద్దరే. 2012లో జార్జ్ టౌన్ ఫెస్టివల్ కోసం లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకరేవిచ్ గీసిన బొమ్మ అది. నిజం సైకిల్‌ను గోడకు బిగించి, దాని మీద పిల్లలను రంగులతో గీశారు. ఈ ఊళ్లోని నిజమైన పిల్లలను చూసి గీసిన బొమ్మే. ఆ పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్లయిపోయారు. గోడ మీద మాత్రం ఇంకా అదే వయసు. అదే బొమ్మ టీషర్టుల మీద, ఫ్రిజ్ మాగ్నెట్ల మీద, పోస్టుకార్డుల మీద పినాంగ్ అంతా అమ్ముడవుతోంది.

పిల్లల మోడలింగ్ గురించి మాట్లాడేటప్పుడు ఈ బొమ్మను గుర్తుంచుకోవాలి. మోడలింగ్‌లో మనం అమ్మేది పాప అందాన్ని కాదు, పాప రూపాన్ని వాడుకునే హక్కును. షూటింగ్ ఒక పూటలో అయిపోతుంది. ఆ ఫోటో ఎక్కడ, ఎంతకాలం, దేనికోసం వాడతారన్నది మాత్రం సంతకం పెట్టే ముందే తేలాలి. ఆ తర్వాత మన చేతిలో ఏమీ ఉండదు.

బయాన్ లెపాస్ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలైనా, తరతరాలుగా ఇక్కడే ఉన్న మలేషియా తెలుగువాళ్లయినా, పాపాయి కాస్త ముద్దుగా ఉంటే ఎవరో ఒకరు అంటూనే ఉంటారు: "మీ పాపను యాడ్స్‌లో పెట్టొచ్చు కదండీ!" పెట్టొచ్చు. అయితే ఎలా పెట్టాలో, ఎక్కడ ఆగాలో చూద్దాం.

పని ఎక్కడ ఉంటుంది?

ముందుగా ఒక నిజం. మలేషియాలో యాడ్స్ తీసే కంపెనీలు, కాస్టింగ్ ఏజెన్సీలు ఎక్కువగా కౌలాలంపూర్, పెటాలింగ్ జయ చుట్టుపక్కలే ఉన్నాయి. పినాంగ్ నుంచి కారులో నాలుగైదు గంటల ప్రయాణం. పది నిమిషాల ఆడిషన్ కోసం ఎనిమిది నెలల పాపతో అంత దూరం వెళ్లిరావడం ఎవరికైనా భారమే. అందుకే పినాంగ్‌లో ఉండేవారు మొదటి ఎంపిక ఫోటోల ద్వారా, వీడియో ద్వారా జరిగే పనులనే చూసుకోవడం మేలు.

జార్జ్ టౌన్‌లో దొరికే పని వేరే రకం. 2008లో యునెస్కో వారసత్వ నగరంగా గుర్తింపు వచ్చాక ఇక్కడి పాత వీధులు, మేడలు కెమెరాలకు మరింత ఇష్టమయ్యాయి. సిమ్లా నేపథ్యంగా సాగే బ్రిటిష్ సీరియల్ 'ఇండియన్ సమ్మర్స్' తీసింది పినాంగ్‌లోనే. అలాంటి షూటింగ్‌లకు భారతీయ ముఖాలు అవసరమవుతాయి. పిల్లల బట్టల షాపుల కేటలాగులు, హోటళ్ల ఫోటోలు, మాల్స్‌లో ఫ్యాషన్ షోలు కూడా ఉంటాయి.

ఇక పండగ యాడ్స్. దీపావళికి, ఆగస్టు 31 మెర్డెకాకు, సెప్టెంబర్ 16 మలేషియా డేకి మలాయ్, చైనీస్, ఇండియన్ పిల్లలు కలిసి కనిపించే యాడ్స్ ఇక్కడ ఆనవాయితీ. దర్శకురాలు యాస్మిన్ అహ్మద్ పెట్రోనాస్ కోసం తీసిన పండగ చిత్రాలు ఇక్కడివారికి ఇప్పటికీ గుర్తే. మన పిల్లలను 'ఇండియన్' కోటాలోనే పిలుస్తారు కాబట్టి ఈ సీజన్‌లోనే పిలుపులు ఎక్కువగా రావచ్చు, మిగతా నెలలు ఖాళీగా పోవచ్చు. పిలుపు రాకపోతే పాపలో లోపం ఉన్నట్టు కాదు. రంగు తక్కువైందని ముఖానికి పౌడరు దట్టించి, ఫిల్టర్లు వేసి ఫోటోలు పంపకండి. ఫోటోలో ఒకలా, ఎదురుగా ఒకలా ఉంటే వచ్చిన అవకాశమూ పోతుంది. పైగా పాపకు కాస్త ఊహ తెలిశాక మనం నేర్పిన మొదటి పాఠం అదే అవుతుంది.

ఏజెన్సీకి ఏం పంపాలి?

ఖరీదైన పోర్ట్‌ఫోలియో అక్కర్లేదు. పిల్లలు రెండు మూడు నెలలకోసారి మారిపోతారు. ఇవాళ వేలు పోసి తీయించిన ఆల్బమ్ దసరా నాటికి పాతబడిపోతుంది. కావాల్సినవి ఇవి:

- కిటికీ పక్క వెలుతురులో ఫోన్‌తో తీసిన నాలుగైదు ఫోటోలు: ఎదురుగా, పక్కనుంచి, నవ్వుతూ, నిలబడగలిగితే నిలువెత్తున.
- అర నిమిషం వీడియో. పేరు పిలిస్తే చూస్తుందా, కొత్తవాళ్ల దగ్గర ఎలా ఉంటుందో తెలిస్తే చాలు.
- పుట్టిన నెల, ఎత్తు, బట్టల సైజు, చెప్పుల సైజు, ఇంట్లో మాట్లాడే భాషలు.

ఇంటి అడ్రసు, మైకిడ్ కార్డు లేదా పాస్‌పోర్టు కాపీ, బ్యాంకు వివరాలు మొదటి మెయిల్‌లో పంపకండి. పని ఖాయమై, ఒప్పందం చేతికొచ్చాక ఇవ్వొచ్చు. స్నానం ఫోటోలు, బట్టలు లేని ఫోటోలు ఎవరు అడిగినా, ఎందుకు అడిగినా పంపకూడదు. డైపర్ యాడ్‌కైనా సరే, అది స్టూడియోలో మీ కళ్ల ముందు జరగాల్సిన పని.

మన ఇళ్లకే సంబంధించిన మాట ఇంకొకటి. పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతి వెళ్తున్నారా? చెవులు కుట్టిస్తున్నారా? ఏజెన్సీకి ముందే చెప్పండి. ఉంగరాల జుట్టు చూసి ఎంపిక చేసిన క్లయింట్ ముందుకు గుండుతో వెళ్తే ఇద్దరికీ ఇబ్బందే. అలాగని యాడ్ కోసం మొక్కు వాయిదా వేయాలా అన్నది మీ ఇంటి పెద్దలతో కలిసి తేల్చుకోవాల్సిన సంగతి. ముందే చెప్తే చాలా ఏజెన్సీలు అర్థం చేసుకుంటాయి.

మోసాన్ని ఎలా గుర్తుపట్టాలి?

ఒక్క సూత్రం చాలు: డబ్బు క్లయింట్ నుంచి ఏజెన్సీకి, అక్కడి నుంచి మీకు రావాలి. మీ నుంచి ఏజెన్సీకి వెళ్తుంటే అది వేరే వ్యాపారం. నిజమైన ఏజెన్సీ పని దొరికాక తన కమీషన్ తీసుకుంటుంది. రిజిస్ట్రేషన్ ఫీజు, తప్పనిసరి ఫోటోషూట్, ట్రైనింగ్ కోర్సు అంటూ ముందే డబ్బు అడిగేవారు మీ పాపకు పని ఇప్పించకపోయినా నష్టపోరు. వాళ్ల సంపాదన మీ దగ్గరే అయిపోయింది మరి.

మాల్స్‌లో, ఆన్‌లైన్‌లో జరిగే అందాల పాప పోటీలదీ ఇంచుమించు ఇదే దారి. బంధువులందరి చేత ఓట్లు వేయించి, ఓటుకింత అని కట్టించుకుంటే గెలిచింది పాప కాదు, నిర్వాహకులు. సరదాకైతే సరే. మోడలింగ్‌కు అదొక మెట్టు అనుకోకండి.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఆన్‌లైన్ 'కిడ్స్ మోడల్' మోసం. పెద్ద బ్రాండు పేరుతో ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ప్రకటన వస్తుంది. ఫోటో పంపగానే "సెలెక్ట్ అయ్యారు" అంటారు. టెలిగ్రామ్ గ్రూపులో చేర్చి, బ్రాండుకు మద్దతుగా ఒక వస్తువు 'కొనమంటారు'. మొదటిసారి డబ్బు కమీషన్‌తో సహా తిరిగొస్తుంది. రెండోసారి, మూడోసారి పెద్ద మొత్తం అడుగుతారు. అది ఇక రాదు. మలేషియా, సింగపూర్ పోలీసులు ఈ పద్ధతి గురించి ఇప్పటికే హెచ్చరించారు.

చూసుకోవాల్సినవి:

- కంపెనీ నిజంగా నమోదైందా లేదా అన్నది ఎస్ఎస్ఎం, అంటే సురుహాన్‌జయ షరికత్ మలేషియా ఆన్‌లైన్ సేవల్లో చూడొచ్చు.
- డబ్బు పంపమన్న ఖాతా మీద, ఫోన్ నంబర్ మీద ఫిర్యాదులున్నాయేమో పోలీసుల 'సెమాక్ మ్యూల్' పోర్టల్‌లో వెతకొచ్చు.
- ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 997కి ఫోన్ చేయండి. అది జాతీయ స్కామ్ రెస్పాన్స్ సెంటర్. మీ బ్యాంకుకూ అప్పుడే చెప్పండి.
- మీరు డబ్బు కట్టిన ఫోటోషూటో, కోర్సో చెప్పినట్టు జరగకపోతే వినియోగదారుల ట్రిబ్యునల్ ఉంది. 50,000 రింగిట్ల వరకు క్లెయిమ్ వేయొచ్చు. ఫీజు 5 రింగిట్లే, లాయర్ అక్కర్లేదు.

మలేషియా చట్టం ఏమంటుంది?

పిల్లల చేత పని చేయించడం మీద ఇక్కడ 1966 నాటి చట్టం ఉంది. పిల్లలు, యువజనుల ఉపాధి చట్టం, 350వ నంబరు చట్టం అని పిలుస్తారు. దాని లెక్కలో 15 ఏళ్లలోపు వారు పిల్లలు. వారిని పనిలో పెట్టడానికి కొన్ని దారులే ఉన్నాయి. అందులో ఒకటి లైసెన్సు తీసుకుని, దాని షరతుల ప్రకారం ప్రజా వినోద కార్యక్రమాల్లో పాల్గొనడం. చట్టంలో ముఖ్యమైన హద్దులు:

- విశ్రాంతి లేకుండా వరసగా 3 గంటలకు మించి పని చేయించకూడదు. తర్వాత కనీసం 30 నిమిషాల విరామం ఇవ్వాలి.
- రోజుకు 6 గంటలు మించకూడదు. బడికెళ్లే పిల్లలైతే బడి, పని రెండూ కలిపి 7 గంటలు దాటకూడదు.
- మళ్లీ పని మొదలుపెట్టే ముందు వరసగా 14 గంటలు ఖాళీ ఉండాలి.
- వారంలో 6 రోజులకు మించకూడదు.

రాత్రి 8 నుంచి ఉదయం 7 దాకా పని చేయించకూడదన్న నియమం కూడా ఉంది కానీ, ప్రజా వినోదానికి దాని నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి రాత్రి షూటింగ్ విషయంలో పాప నిద్రను చట్టం కాపాడదు. మీరే కాపాడాలి. నిర్మాతను సూటిగా అడగండి: "ఈ షూటింగ్‌కు లేబర్ డిపార్ట్‌మెంట్ లైసెన్సు ఎవరు తీసుకుంటున్నారు? కాపీ ఇస్తారా?" సమాధానం తడబడితే పినాంగ్‌లోని జబతన్ తెనగ కెర్జ కార్యాలయంలో మీరే అడిగి తెలుసుకోవచ్చు.

ఉద్యోగాల మీద వచ్చిన కుటుంబాలకు ఇంకో మెలిక ఉంది. డిపెండెంట్ పాస్ ఉండటానికి ఇచ్చింది, సంపాదించడానికి కాదు. విదేశీ కళాకారుల షూటింగ్‌లు, ప్రదర్శనల దరఖాస్తులు చూడటానికి పుస్పాల్ అనే ప్రత్యేక వ్యవస్థ ఉంది. "చిన్నపాపే కదా, ఎవరడుగుతారు" అన్న మాట నమ్మి మొత్తం కుటుంబం పాస్‌ను చిక్కుల్లో పెట్టుకోకండి. పాప ఏ పాస్ మీద ఉందో నిర్మాతకు ముందే చెప్పి, అనుమతి సంగతి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఒప్పందంలో చూడాల్సింది

చాలామంది ఎంతిస్తారన్నదే చూస్తారు. అసలు చూడాల్సినవి ఇవి:

- ఎక్కడ వాడతారు: ఒక్క షాపులోనా, మలేషియా అంతటా, ప్రపంచమంతటా?
- దేంట్లో వాడతారు: కేటలాగ్, హోర్డింగ్, టీవీ, సోషల్ మీడియా, ప్యాకింగ్?
- ఎంతకాలం: ఆరు నెలలా, ఏడాదా, శాశ్వతంగానా? 'శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో' అన్న మాట కనిపిస్తే కలం కింద పెట్టండి. ఒక ఏడాదికే ఇస్తామని, పొడిగిస్తే మళ్లీ చెల్లించాలని అడగడం తప్పేం కాదు.
- ఫోటోను వేరేవాళ్లకు అమ్మొచ్చా? స్టాక్ ఫోటోల కింద వెళ్తే ఏ మందు పెట్టె మీద, ఏ పార్టీ పోస్టర్ మీద పాప ముఖం తేలుతుందో మనకు తెలియదు.
- కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌తో ముఖాన్ని మార్చడం, కొత్త బొమ్మలు తయారు చేయడం కుదరదని ఒక వాక్యం రాయించండి.
- పాప ఏడ్చినా, జ్వరమొచ్చినా షూటింగ్ ఆగితే నష్టపరిహారం మీ మీద పడకుండా చూడండి.

ఏజెన్సీ దగ్గర ఉన్న ఫోటోలు, వివరాలు కూడా వ్యక్తిగత సమాచారమే. 2010 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద 18 ఏళ్లలోపు వారి తరఫున అనుమతి ఇవ్వాల్సింది తల్లిదండ్రులే. ఇచ్చిన అనుమతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకునే హక్కూ ఉంది. ఏజెన్సీని వదిలేసినప్పుడు ఫోటోలు తొలగించమని ఒక మెయిల్ తప్పక పంపండి.

ఈ జాగ్రత్తలు అతి అనిపిస్తే ఒక ఉదాహరణ చూడండి. 1991లో అమెరికా బ్యాండ్ నిర్వాణ తన ఆల్బమ్ మీద నీళ్లలో ఉన్న నాలుగు నెలల బాబు ఫోటో వేసింది. బట్టల్లేని ఫోటో. తల్లిదండ్రులకు ముట్టింది 200 డాలర్లు. ఆల్బమ్ కోట్ల కాపీలు అమ్ముడైంది. ముప్పై ఏళ్ల తర్వాత, 2021లో, ఆ బాబే పెద్దవాడై కోర్టుకెక్కాడు. ఆ కేసు ఏళ్ల తరబడి నడిచింది. కోర్టులు ఏం చెప్పాయన్నది అటుంచితే, అమ్మానాన్నలు ఒక మధ్యాహ్నం సరదాగా ఒప్పుకున్నదాన్ని మోయాల్సి వచ్చింది ఆ బిడ్డే.

పాలడబ్బా మీద పాప?

"మీ పాప ముఖం పాలపొడి డబ్బా మీద వస్తుంది" అని ఎవరైనా ఊరిస్తే, అక్కడే ఆగిపోండి. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన నియమావళి ప్రకారం శిశువుల ఫార్ములా డబ్బాల మీద పిల్లల బొమ్మలు ఉండకూడదు. ఇండియాలో 1992 చట్టం ఆ డబ్బాల మీద శిశువు బొమ్మనే కాదు, తల్లి బొమ్మనూ నిషేధించింది. 2003 సవరణతో రెండేళ్లలోపు పిల్లల ఆహారం యాడ్స్ మొత్తానికే ఆగిపోయాయి. మలేషియాలోనూ ఆరోగ్య శాఖ నియమావళి శిశు ఫార్ములాను ప్రజలకు ప్రచారం చేయొద్దంటోంది. తల్లిపాల స్థానాన్ని డబ్బా ఆక్రమించకూడదన్నదే వీటి వెనకున్న కారణం. పసిపిల్లలకు నిజంగా వచ్చే పని డైపర్లు, సబ్బులు, బట్టలు, బొమ్మలు, ఇన్సూరెన్స్ లాంటివాటికి.

షూటింగ్ రోజు

పాప నిద్రవేళ, పాలవేళ ముందే చెప్పి, దాన్నిబట్టి కాల్ టైమ్ అడగండి. అమ్మో, నాన్నో, నానమ్మో, ఒకరు ఎప్పుడూ పాపకు కనిపించేంత దగ్గర్లో ఉండాలి. "మీరుంటే పాప మారాం చేస్తుంది, బయట కూర్చోండి" అంటే ఒప్పుకోవద్దు. బట్టలు మార్చేది మీరే.

జలుబు చేసినవాళ్లు పాపను ఎత్తుకోకుండా చూడండి. పాలు, నీళ్లు, మెత్తటి తువ్వాలు, ఇష్టమైన బొమ్మ మీ సంచిలో ఉండాలి. మేకప్ దాదాపు అవసరం లేదు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది కాబట్టి కంట్లో పెట్టనివ్వకండి. దిష్టిచుక్క తుడిచేయమంటే నానమ్మలు నొచ్చుకుంటారు. అరికాలికి పెట్టుకుంటే కెమెరాకు, నానమ్మకు ఇద్దరికీ సరిపోతుంది.

నెల నిండని పాపాయిలతో తీసే ఫోటోల్లో గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చున్న భంగిమ ఒకటి ఉంటుంది. తెలిసిన ఫోటోగ్రాఫర్లు దాన్ని రెండు ఫోటోలు కలిపి తయారు చేస్తారు. రెండింటిలోనూ పెద్దవాళ్ల చేయి పాపను పట్టుకునే ఉంటుంది. పాపను నిజంగానే అలా వదిలేసి తీస్తామనేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

పాప విషయంలో ఎవరి ప్రవర్తనైనా అనుమానంగా ఉంటే మొహమాటపడకండి. పిల్లలపై లైంగిక నేరాలకు మలేషియాలో 2017 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. తాలియన్ కాసి 15999, పోలీసులైతే 999.

డబ్బు ఎవరిది?

పాపదే. కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనలో 15 శాతం ట్రస్టు ఖాతాలో వేయాల్సిందే. ఇండియాలో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇక్కడ ఆ పని మనమే పెట్టుకోవాలి. మలేషియా పౌరులైతే పిల్లల చదువు కోసం ఎస్ఎస్‌పీఎన్ ఖాతా ఉంది. మిగతావారు పాప పేరున డిపాజిట్ చేసి, ఏ పనికి ఎంత వచ్చిందో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. పెద్దయ్యాక అడిగితే చూపించడానికి ఉంటుంది.

ఇండియా వెళ్లినప్పుడు, వేరే దేశాల్లో

సెలవులకు హైదరాబాద్ వెళ్లినప్పుడు యాడ్‌కో, సీరియల్‌కో పిలుపొస్తే, 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు బాలనటులకు షరతులతో అనుమతిస్తుంది. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలకు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు.

ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. ఐదేళ్లలోపు వారు లొకేషన్‌లో 5 గంటలకు మించి ఉండకూడదు, అందులో కెమెరా ముందు మొత్తం 2 గంటలే. కాలిఫోర్నియాలో పుట్టిన 15 రోజుల్లోపు పిల్లలకు పని నిషేధం. ఆ తర్వాత ఆరు నెలల వరకు కెమెరా ముందు రోజుకు 20 నిమిషాలే. న్యూయార్క్ 2013లో పిల్లల మోడళ్లనూ బాలనటుల రక్షణ కిందకు తెచ్చింది. మీ దేశంలో పసిపిల్లలకంటూ విడిగా నియమం లేకపోతే ఆ 20 నిమిషాలనే మీ ఇంటి నియమం చేసుకోండి.

ఎప్పుడు వద్దనాలి?

పాప ముఖం తిప్పుకుంటే, కొత్తవాళ్లను చూసి ప్రతిసారీ ఏడిస్తే, షూటింగ్ తర్వాత నిద్ర చెదిరితే, అదే పాప చెప్పే 'వద్దు'. మాటలొచ్చిన పిల్లలను అడగండి, వాళ్ల జవాబు వినండి. మూడేళ్ల బాబు "నాకొద్దమ్మా" అంటే అడ్వాన్సు తిరిగిచ్చేయడమే మర్యాద.

ఒప్పందం చేతికి రాగానే ఆ పూటే సంతకం పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని ఇద్దరూ కూర్చుని చదవండి. ఈ ఫోటోను పదిహేనేళ్ల తర్వాత పాప స్నేహితులు చూస్తే పాపకు ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. నవ్వుకుంటుంది అనిపిస్తే ముందుకు వెళ్లండి. ఏమాత్రం అనుమానంగా ఉన్నా ఆ ఫోటో మీ ఇంటి ఆల్బమ్‌లో ఉంటేనే అందం.